మా అమ్మవారి కథలో దూరిన రాజు

రాండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ చాప చివర ఎండ పడతాది, ఇటు గోడ వారకి రాండి. సెల్లు పక్కన పెట్టమ్మా, అది మోగితే నాకు కథ తప్పదు గాని కోపం వస్తాది. ఈ పూట చెప్పేది దేవుడి కథ కాదు. నా కంట్లో చాలా ఏండ్లు నలుసై కూర్చున్న ఒక ఆడమనిషి సంగతి. ఈ ఏడు మాసి నెల, అదే శివరాత్రి వచ్చే నెల, రాకముందే పోయింది. మనిషి పోయింది గాని నలుసు పోలేదు.

అరవదేశంలో మా చిన్నమనూరు ఇంటికి ఆనుకుని ఒక చిన్న ఇల్లుండాది, బాడుగకి ఇస్తాము. దాంట్లోకి వచ్చింది. సిస్టర్ల బడిలో చరిత్ర పాఠం చెప్పి రిటైరైన టీచరు. పెండ్లి చేసుకోలేదు. మా పక్క వేదంవాళ్ళు అంటారే, కిరస్తానులు, వాళ్ళ మనిషి. అరవం తప్ప ఇంకోటి మాట్లాడదు. ఆమె అరవంలో చెప్పేది, మేము తెలుగులో వినేవాళ్ళము.

నీడలో నడిచినా గొడుగు తెరిచేది. వీధి కుక్కతో ఇంగ్లీషులో మాట్లాడేది, అది తోక ఊపుతా వినేది. సాయంత్రం అయ్యేసరికి ఒక గిన్నె నిండా వేరుశనగ కాయలు తెచ్చుకుని మా తిన్నె మీద కూర్చునేది. కాయ చిట్లగొట్టి, గింజ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, నోట్లో వేసుకోకుండా కథ చెప్పేది. ఆ గింజ నోట్లో పడిందంటే ఆ కథలో రాజు చచ్చినాడని లెక్క. మా అత్తకి చూపు మసక, గింజ కనపడదు. అయినా "నమలొద్దు టీచరూ, ఇంకాసేపు బతకనీ వాణ్ణి" అనేది.

ఆ మాట వింటే నాకు కడుపులో చింతనిప్పులు పోసినట్టుండేది. ఎందుకంటారా? మా ఇంట్లో కథ అంటే నేను. అయిదో క్లాసు దాటలేదు గాని ఒకసారి విన్నది నా చెవి దాటి పోదు. ఆ కథలన్నీ నాకిచ్చింది మా అత్త. కొత్తకోడలిగా వచ్చినప్పుడు రోట్లో పిండి రుబ్బుతా ఒక్కొక్కటే చెప్పి, మర్నాడు నా చేత తిరిగి చెప్పించుకునేది. తప్పితే పిండి చేత్తోనే నెత్తిన మొట్టేది. అట్లా మొట్టికాయలు తిని సంపాదించుకున్న చోటు అది.

టీచరు మొదటి కథ చెప్పిన సాయంత్రం నాకు ఇప్పుడు జరిగినట్టే ఉండాది.

"మొదట్లో మావాళ్ళకి గుళ్ళు లేవమ్మా" అని ఎత్తుకుంది. "ఒకరి ఇంటి నడవలో కూడేవాళ్ళు. రోమాపురి చక్రవర్తి బొమ్మ ముందు సాంబ్రాణి వెయ్యమన్నారు. వెయ్యము, ఆయన రాజు, దేవుడు కాదు అన్నారు. అందుకని కొట్టినారు, గనుల్లోకి తోలినారు, కండ్లు పొడిచినారు."

"అయ్యో."

"అప్పుడు ఇంకో చక్రవర్తి వచ్చినాడు. సిలువ గుర్తు పట్టుకుని యుద్ధం గెలిచినాడు. ఇంక వీళ్ళని కొట్టొద్దన్నాడు. ఊరూరా ఉండే ఆయర్లని విందుకి పిలిచినాడు." ఆయరంటే వాళ్ళ పెద్ద గురువు, కాపరి అని అర్థమంట. "బండ్లు పంపినాడు. వచ్చినారు. వాకిట్లో కత్తులు దూసి భటులు నిలబడి ఉండారు. ఆ కత్తుల మధ్య నుంచే లోపలికి పోవాల. కాలు ఈడ్చుకుంటా ఒకాయన, ఒంటికన్నుతో ఒకాయన. ఆ గాయాలు చేసింది ఆ కత్తులే గదా! చక్రవర్తి లేచి వచ్చినాడు. ఆ ఒంటికన్ను ఆయన్ని దగ్గరికి తీసుకుని, కన్ను పోయిన గుంట మీద ముద్దు పెట్టినాడు."

మా అత్త కండ్లల్లో నీళ్ళు బొటబొటా కారినాయి. "తర్వాత?"

"తర్వాత విందు తిన్నారు."

"రుచిగా ఉండిందా?"

టీచరు నవ్వింది. "అదే గదమ్మా తంటా. చాలా రుచిగా ఉండింది." గింజని కాసేపు వేళ్ళ మధ్య తిప్పి అనింది: "దెబ్బలు తిన్నన్నాళ్ళు మావాళ్ళకి ఒకటే భయం. విందు తిన్నాక రెండు భయాలు. మళ్ళీ కొడతారేమో అని ఒకటి, మళ్ళీ పిలవరేమో అని ఇంకోటి."

మా అమ్మవారిని గంపలో మోసుకొచ్చిన కోడలి కథ నేను ఇంట్లో అన్ని ఏండ్లు చెప్పినాను, మా అత్త కన్ను తడవలేదు. యాడో రోమాపురి, ఎవురో ఒంటికన్ను ముసలాయన, ఆయన కోసం ఏడ్చింది!

నేనూ ఊరుకోలేదు. మర్నాడు తిన్నె మీద మా నాయకరాజు కథ ఎత్తుకున్నాను. ఏనుగులు పెట్టినాను, ఏనుగులకి బంగారు గంటలు పెట్టినాను. టీచరు వేలు పైకెత్తింది, బడిలో పిల్లోల్ని ఆపినట్టు. మా కులాన్ని ఈ పక్క నాయకర్లంటారు, నన్ను ఆమె నాయకరమ్మా అనే పిలిచేది.

"నాయకరమ్మా, ఏ నాయకరు? ఏ ఊరు ఏలినాడు?"

"కథలో నాయకరు, కథలో ఊరు! మీ చక్రవర్తిని మీరు చూసి వచ్చినారా?"

"చూడలేదు. చూసినవాళ్ళు రాసి పెట్టినారు."

"మావాళ్ళు చూసి నోట్లో పెట్టుకున్నారు. చెదలు పట్టదు."

మా అత్త గట్టిగా నవ్వింది. నా మాటకే నవ్విందనుకుని ఉప్పొంగిపోయినాను. నవ్వు అయినాక, "అది సరి. టీచరూ, ఆ గుడి వాకిలి కథ చెప్పు" అనింది.

ఆ వాకిలి కథే నా ఇల్లు ముంచింది. చిన్నగా చెప్పేస్తాను. ఆ చక్రవర్తి పోయినాక, ఇంకో రెండు తరాలకి, వేరే చక్రవర్తి. అప్పటికి వాళ్ళ గుళ్ళు పెద్దవైనాయి, రాజే వచ్చి మోకరిస్తుండాడు. ఒక ఊళ్ళో జనం తిరగబడి రాజు మనిషిని చంపినారు. రాజుకి ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఆటలు చూద్దాం రాండని ఊరి జనాన్ని పిలిపించి, కూర్చున్నవాళ్ళని కూర్చున్నట్టే నరికించినాడు. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు గుడికి వచ్చినాడు. ఆయరు వాకిట్లో నిలబడి, లోపలికి రావొద్దన్నాడు. రాజు కిరీటం తీసి, నెలల తరబడి బయట ఏడ్చి, అందరి ముందరా తప్పు ఒప్పుకుని లోపలికి పోయినాడు.

టీచరు నిజం మనిషి, దాచేది కాదు. "వాకిట్లో నిలబెట్టింది తర్వాతివాళ్ళు చెప్పిన మాట. అసలు ఆయరు జాబు రాసినాడు, ఆ జాబు ఉండాది. జనం మాత్రం జాబుని మరిచి వాకిలిని పట్టుకున్నారు" అనింది. నేను చంకలు గుద్దుకున్నాను. చూసినారా, ఆమె కథలో కూడా కలిపింది ఉండాది! ఇంకో మాట కూడా చెప్పింది: "ఆ ఒక్క ఆయర్నే అందరూ చెప్పుకుంటారు. రాజు రాకముందే వాకిలి బార్లా తెరిచిపెట్టినవాళ్ళు ఎంతమందో, వాళ్ళ కథ ఎవురూ చెప్పరు."

ఇప్పుడు మా మొక్కు సంగతి చెప్పాల. మా ఇంటిదేవర అమ్మవారు ఊరి బయట, ద్రాక్ష పందిర్లు దాటి, వాగు గట్టున ఉండాది. మా పెద్దలు నాయకరాజుల దండు వెంట ఉత్తరం నుంచి దిగినప్పుడు ఒక కోడలు అమ్మవారిని గంపలో పెట్టుకుని నెత్తిన మోసుకొచ్చింది. అందుకని మాసి మొక్కు రోజు పొద్దున ఆ కథ మగవాళ్ళు చెప్పకూడదు, పెద్దకోడలే చెప్పాల. పొంగలి కుండ పొయ్యి మీదికి ఎక్కినప్పుడు మొదలు పెట్టాల. కుండ పొంగేదాకా నోరు ఆపకూడదు. పొంగితే అమ్మవారు విన్నట్టు, ఆడవాళ్ళు నాలుక ఆడిస్తా కురవ పెడతారు. తర్వాత పూజారి పరివట్టం, అంటే పట్టుగుడ్డ, ఆ ఏటి పెద్దమనిషి తలకి కడతాడు. అది మొదటి మర్యాద. మా పంగాళీలు, అంటే దాయాదులు, దానికోసం పెండ్లిళ్ళు చెడగొట్టుకున్నారు.

ఒక ఏడు ముందుదినం వాన పడింది. కట్టెలు తడిసినాయి, పొయ్యిలో పొగ తప్ప మంట లేదు. మా అత్త కథ చెప్పింది. గంప వచ్చింది, వాగు వచ్చింది, అమ్మవారు ఈడనే ఉంటానని అనింది, కథ అయిపోయింది. కుండ మాత్రం చల్లగా కూర్చొని ఉండాది. నోరు ఆపకూడదు. అందరూ చూస్తుండారు. మా అత్త తడికట్టెని ఒకసారి లోపలికి తోసింది. తర్వాత ఏమనిందో వినండి:

"ఆ గంప మోసిన కోడలు ముసలిదై గుడి గడప మీద కూర్చొని ఉండాది. అప్పుడు నాయకరాజు వచ్చినాడు. ఒక ఊరిని కాల్చి వచ్చినాడు..."

ఇది యాడి నుంచి వచ్చిందో ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు.

"ముసలిది చెయ్యి అడ్డం పెట్టింది. 'చేతులు చూపించు నాయనా' అనింది. 'కడుక్కునే వచ్చినాను తల్లీ' అన్నాడు. 'కడుక్కోవాల్సి వచ్చిందే, దాన్నే అడుగుతుండాను' అనింది. రాజు కిరీటం తీసి..."

కుండ పొంగింది. సరిగ్గా కిరీటం దిగేటప్పుడు పొంగింది! కురవ కంబం ఊరి దాకా వినపడి ఉంటాది. పూజారి చేతులెత్తి మొక్కి, "అమ్మవారే చెప్పించింది" అన్నాడు. అంతే. అది మా కథ అయిపోయింది.

ఇంటికి రాగానే అత్తని పట్టుకున్నాను. "అత్తా, అది వేదంవాళ్ళ కథ. మన అమ్మవారి నోట్లో పెట్టినావే!"

"కుండ చల్లగా ఉండాదే, ఏం చేసేది? చేతికి అందింది వేసినాను."

"నా కథ ఏదైనా అందలేదా?"

"నీ కథలన్నీ నావే గదే. నాకు కొత్తది కావాల్సొచ్చింది" అనింది. ఆ మాట ఇప్పటికీ ఈడ గుచ్చుకుని ఉండాది, గుండె కింద.

టీచర్తో కొట్లాటకి పోయినాను. గొడుగు ఆరబెడుతుండాది. "మీ కథ మా అమ్మవారి ఇంట్లో దూరింది. తీసుకుపోండి" అన్నాను. మొదట అర్థం కాలేదు. అర్థమైనాక మెట్టు మీద కూలబడి, కండ్లద్దాలు తీసి, నీళ్ళు వచ్చేలాగ నవ్వింది.

"ఉండనీ నాయకరమ్మా. మావాళ్ళు తక్కువా? గుడి కట్టేటప్పుడు రాజు కచేరీ చావడి ఎట్లుంటాదో అట్లనే కట్టినారు. అధికారి ముందర దీపం, సాంబ్రాణి పట్టుకుపోతే, దాన్ని ఆయరు ముందర పట్టినారు. అంతకుముందు ఆ సాంబ్రాణి వెయ్యనందుకే చచ్చినారు గదా! ఎవరింటి నుంచి వచ్చిందని ఏం? ఎవరికి అడ్డం నిలబడిందో చూడు."

ఈ మనిషితో కొట్లాడేదెట్లా? నా కోపాన్ని కూడా పాఠం చేసేసింది.

మరుసటేడు మా అత్త మంచం పట్టింది. నేనే కడిగినాను, నేనే గంజి పోసినాను. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం చెయ్యి పట్టుకుంది. కథ అడుగుతాదని వంగినాను. "టీచర్ని పిలువు" అనింది. పోయి పిలిచినాను. ఎండలో చెప్పుల్లేకుండా పోయి పిలిచినాను. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినలేదు, వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగానే తోమినాను.

అత్త పోయినాక అట్లా కథ పీట నాకు వచ్చింది. మొదటి ఏడే ఒక ఎత్తు వేసినాను. బాగా ఎండిన కొబ్బరి మట్టలు నేనే దగ్గరుండి పొయ్యిలో పెట్టించినాను. గంప వాగు దాటేలోపలే కుండ పొంగిపోయింది. హమ్మయ్య, వాకిలి రాకముందే ముగిసిందని నోరు మూసినాను. పిల్లా పెద్దా ఒకటే గోల. "పొంగితే పొంగింది పెద్దమ్మా, రాజుని నిలబెట్టందే యాడికి పోతావు!" నిలబెట్టినాను. ఏం చేసేది?

ఇంకో ఏడు టీచరే వచ్చింది, వినడానికి. మా ఆచారానికి అడ్డం రాకుండా దూరంగా, గొడుగు కింద కూర్చొని ఉండాది. ఆ రోజు నేను చెప్పినట్టు నా జన్మలో చెప్పలేదు. రాజుని తెల్లగుర్రం మీద తెచ్చినాను. అయినాక పోయి నిలబడినాను, ఏమంటాదోనని.

"బాగుండాది. గుర్రం మాత్రం వద్దు. రాజు నడిచి రావాల."

"గుర్రం దిగితేనే గదా టీచర్, నడిచేది!"

"దిగినాడని నువ్వు చెప్పలేదే."

నిజమే, చెప్పలేదు. ఇంటిదాకా పండ్లు నూరుకుంటా వచ్చినాను. ఆ మరుసటేడు నుంచి రాజు నడిచే వస్తుండాడు.

ఈ ఏడు మాసికి ముందు, పొద్దున కాఫీ తాగి గొడుగు పట్టుకుని బయలుదేరబోతా వాకిట్లోనే ఒరిగిపోయింది. మాతాకోయిలకి, అదే వాళ్ళ చర్చికి, పోయినాను. ఆమె చేతికింద చదివినవాళ్ళు, మనవలున్నవాళ్ళు, బస్సుల్లో వచ్చినారు. పెట్టె పక్కన నిలబడి కూడా, నా చావుకి ఇంతమంది వస్తారా అని మనసులో ఎంచుకుంటుండాను. బుద్ధి అట్లాంటిది.

ఆ వారమే మా మరిది వచ్చినాడు. మా ఆయన చిన్నాయన కొడుకు. కోయంబత్తూరు పక్క నూలు మిల్లు ఉండాది. చిన్నప్పుడు నా ఒళ్ళో తల పెట్టి కథలు విన్నవాడే. మా గుడికి ఇప్పటికీ రేకుల పందిరే. మేలూరు రాయితో మండపం కట్టిస్తానన్నాడు, మొక్కుకి మంత్రిని పిలుచుకొస్తానన్నాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది.

"ఒక్కటే వదినా. ఆ గడప కథ ఈసారి వద్దు."

నాకు ఎందుకో తెలుసు. పోయిన ఏడు బోనసు అడిగి మిల్లు గేటు దగ్గర కూర్చున్న పిల్లోల మీదికి వీడు మనుషుల్ని తోలినాడు. మా పంగాళీల పిల్లోడే ఒకడు ఉండాడు దాంట్లో. వాని చెయ్యి ఇంకా మడవదు. వాళ్ళమ్మ మొక్కుకి వస్తాది.

"అది మన పాతకథ కూడా కాదంట గదా వదినా" అన్నాడు. "పెద్దమ్మ కలిపిందంట. తీసేస్తే కథ మళ్ళీ నీదే అవుతాది."

చూసినారా! ఇన్నేండ్లు నేను తీసెయ్యాలని చూసింది, రాజే వచ్చి తీసెయ్యమంటుండాడు. పైన మండపం ఇస్తుండాడు. ఇంక టీచరు కూడా లేదు, అడిగేవాళ్ళు లేరు. నేను సరే అనలేదు, కాదనలేదు. "మజ్జిగ తాగు" అన్నాను.

మొక్కు రోజు మంత్రి, మరిది ముందర కుర్చీల్లో. మేమంతా చాపల మీద. పట్టుగుడ్డ పళ్ళెంలో సిద్ధంగా ఉండాది. గంప వచ్చింది, వాగు వచ్చింది. కుండ గుసగుసమంటుండాది. ఈడ ముగించినా ఎవురూ ఏమనరు, మంత్రి ముందర ఎవురు గోల చేస్తారు? అప్పుడు నాకు ఒకటే అనిపించింది. టీచరు కథలో ఆయరు రాజుకి అడ్డం నిలబడినాడు. ఆ కథని నేను మిల్లాయన మాట విని మింగేస్తే, వాకిలి బార్లా తెరిచినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. గెలిచింది మళ్ళీ ఆమే! మంచితనం అనుకోవద్దు. ఓర్వలేకనే చెప్పినాను.

"గంప మోసిన కోడలు ముసలిదై గడప మీద కూర్చొని ఉండాది. రాజు వచ్చినాడు. నడిచి వచ్చినాడు."

మరిది మొహం చూడలేదు. 'చేతులు చూపించు నాయనా' అన్నప్పుడు వెనక వరుసలో ఒక తల్లి వెక్కిన చప్పుడు వినపడింది. కిరీటం దింపినాను. కుండ పొంగింది. కురవ లేచింది.

పూజారి పళ్ళెం పట్టుకుని నిలబడిపోయినాడు. "మంత్రి గారికి కట్టు" అన్నాడు మరిది. మంత్రి గట్టివాడు. రెండు చేతులూ జోడించి, నవ్వుతా, తల పక్కకి తిప్పుకున్నాడు. "ఈ కథ విన్నాక నాకెందుకయ్యా! అమ్మవారికే కట్టు." పట్టుగుడ్డ అమ్మవారి భుజం మీదికి పోయింది. మరిది పంక్తిలో కూర్చోకుండా కారెక్కినాడు. ఎక్కేముందు, "మండపం తర్వాత చూద్దాం వదినా" అన్నాడు. కండ్లు ఎర్రగా ఉండినాయి. కోపమో, ఇంకేమో. మా ఆయన నాతో ఇప్పటికీ సగం మాటలే మాట్లాడుతుండాడు.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్టర్లో మా కొత్తకోడలు పక్కన కూర్చొని ఉండాది. కోయంబత్తూరు పిల్ల. "అత్తా, ఒళ్ళు ఝల్లుమనింది" అనింది.

నేను ఉండబట్టలేక అడిగేసినాను. "నిజం చెప్పు. నేను చెప్పింది బాగుండాదా, టీచరు చెప్పింది బాగుంటాదా?"

"ఏ టీచరు అత్తా?"

ఆ పిల్ల టీచర్ని ఎరగదు. ఇంక వచ్చే పిల్లలెవురూ ఎరగరు. వాళ్ళకి ఇది మన అమ్మవారి కథ, వాళ్ళ అత్త చెప్పిన కథ, అంతే. గెలిచినాను. ఎవరి మీద గెలిచినానో తెలిసినవాళ్ళు ఆ ట్రాక్టర్లో ఒక్కరూ లేరు. గుర్రం తీసేసినాను టీచరూ, ఇప్పుడెట్లుండాదని అడగడానికి మనిషి లేదు.

అందుకని మీకు అంతా చెప్పినాను. ఆమె పేరు మాత్రం అడగొద్దండి. ఆమె పేరు తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో తక్కువ, ఆ తక్కువలో నేను ఒకదాన్ని. కథ అందరిదీ అయిపోయింది. పేరైనా నా దగ్గర ఉండనీ.

పొద్దు వాలింది, లేయండి. మీ ఇల్లు పిల్లాపాపలతో కళకళలాడాల. మీ పొలానికి నీళ్ళు తప్పకూడదు. మీ ఇంట చెప్పే నోరూ వినే చెవీ ఒకదానికొకటి కరువు కాకూడదు. అమ్మవారు చల్లగా చూస్తాది, పోయిరాండి.